భూమి తినని తువ్వాల

ఆ ఆదివారానికి రాజనర్సు వేసుకున్న లెక్క చాలా సులువైనది. పొద్దున్నే కోరుట్లలో కారు తీయాలి. దారిలో జగిత్యాల హాస్టల్ దగ్గర కూతురు దీపనూ, ఆమె టీచరు ఉమారాణి మేడాన్నీ ఎక్కించుకోవాలి. సారంగాపూర్‌లో అత్తగారి పొలంలో పూడ్చిన గుడ్డముక్కలు తవ్వించాలి. అత్త చేతి నాటుకోడి కూర తినాలి. ఎండ తిరిగేలోగా వచ్చి దుకాణం తీయాలి. పెట్రోలు ఒక్కసారి, పనులు మూడు: బిడ్డ చదువు, అత్తగారి మర్యాద, కోడికూర. నష్టం వచ్చే దారి ఏ మూలా కనిపించలేదు. అలా కనిపించనప్పుడే ఎక్కువ జాగ్రత్తపడాలని వ్యాపారం అతనికి ఎన్నోసార్లు నేర్పింది. ఆదివారం కదా అని ఆ పాఠాన్ని కాస్త పక్కన పెట్టాడు.

దీప పన్నెండో తరగతి. తోటిపిల్లలంతా ఇంజినీరింగు, డాక్టరు చదువుల వెంట పడుతుంటే తను పర్యావరణ శాస్త్రం తీసుకుంది. మొదట్లో రాజనర్సుకు అది మింగుడు పడలేదు. గాలి, నీళ్లు, మట్టి ఊరికే దొరికే సరుకు. ఊరికే దొరికేదాని గురించి ఫీజు కట్టి చదవడం ఏం బేరమో అర్థం కాలేదు. తర్వాత, నీళ్లు సీసాల్లో అమ్ముడుపోతున్న సంగతి గుర్తొచ్చింది. మట్టికి కూడా ఆ రోజు రాకపోతుందా అని సర్దుకున్నాడు.

వినాయక చవితికి ముందు దీప దుకాణానికి వచ్చి, ప్రాజెక్టుకు పక్కా నూలు గుడ్డ కావాలంది. కల్తీ ఉండొద్దంది. ఆ మాటకు రాజనర్సు తల పైకెత్తి, గుమ్మం మీది బోర్డు వైపు చూపించాడు. "రాజనర్సు వస్త్రాలయం, అసలు నూలు" అని దాని మీద ఉంది. సిరిసిల్ల మగ్గం మీద తాత నేసిన తువ్వాలలను భుజాన వేసుకుని కోరుట్ల అంగడికి నడిచొచ్చిన కాలం నుంచి ఆ మాట వాళ్లింటిది. పట్టుచీరకు ఒక దుకాణం, పిల్లల గౌనుకు ఇంకో దుకాణం అని జనం తిరగొచ్చు. భుజం మీది తువ్వాలకు మాత్రం రాజనర్సు దగ్గరికే వస్తారు. అతని దగ్గర మిగతా సరుకంతా అరువు మీద వచ్చిందే. ఆ పేరొక్కటే సొంతం.

గుడ్డ ఎందుకని అడిగితే దీప విడమరిచి చెప్పింది. మట్టిలో కంటికి కనపడని జీవాలు కోట్ల కొద్దీ ఉంటాయి. నూలు గుడ్డను పాతిపెడితే అవి తింటాయి. రెండు నెలల తర్వాత తీసి చూస్తే, గుడ్డ ఎంత పోతే భూమి అంత బతికున్నట్టు. పైసా ఖర్చు లేని పరీక్ష. రాజనర్సుకు ఆ చివరి మాట బాగా నచ్చింది. ప్రాజెక్టు ఫొటోలు జిల్లా సైన్స్ ఫెయిర్‌కు వెళ్తాయన్న మాట ఇంకా నచ్చింది. తువ్వాల ముక్కలు కత్తిరించి, ప్రతి ముక్క మీదా చెరగని సిరాతో దుకాణం ముద్ర గట్టిగా కొట్టాడు.

"బాపు, గీ ముక్కలు మన్నుల కలిసిపోతయి గద. ముద్రెందుకు?"

"కలిసేదాంక కనపడుతది గద, బిడ్డ."

పరీక్షకు సారంగాపూర్ పొలాన్ని ఎంచుకున్నది కూడా రాజనర్సే. అతని బామ్మర్ది జనార్దన్ యూరియా మానేసి చాలా కాలమైంది. పెంట ఎరువు, ఆవు మూత్రం, ఎండుటాకులు అంటూ భూమిని కన్నబిడ్డలా చూసుకుంటాడు. పక్క పొలాల వాళ్లు నవ్వుతుంటే, నా భూమి బతికున్నది, మీ భూమి మందుల మీద బతుకుతున్నది అని జవాబు చెప్తుంటాడు. ఈ పరీక్షతో ఆ జవాబుకు సైన్సు సాక్ష్యం దొరుకుతుందని, ఆ ఆదివారం నవ్వినవాళ్లందరినీ పిలిచి గట్టు మీద నిలబెట్టాడు.

జనార్దన్ మొదటి గుంత తవ్వాడు. మట్టి నల్లగా, మెత్తగా లేచింది. ఒక వానపాము మెలికలు తిరిగింది. దాన్ని అందరికీ చూపించి, పక్కన పెట్టి, గుడ్డను చేత్తో పట్టుకుని లాగాడు.

గుడ్డ పూర్తిగా వచ్చింది.

బోరు నీళ్లలో జాడిస్తే తెల్లబడింది కూడా. నాలుగు అంచులు నాలుగూ ఉన్నాయి. మధ్యలో ముద్ర నిన్న కొట్టినట్టు ఉంది. రెండో గుంతలోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగోది తీసేసరికి గట్టు మీదివాళ్లంతా దగ్గరికి జరిగి తొంగిచూస్తున్నారు.

ఉమారాణి మేడం గుడ్డను వెలుతురుకు పట్టి చూసింది. ఒక్క చిల్లు కూడా లేదు. మట్టిలో జీవం ఉంటే గుడ్డ ఈపాటికి జల్లెడ కావాలని, ఇలా వచ్చిందంటే జీవం లేనట్టే అనుకోవాలని మెల్లగా చెప్పింది. మరి వానపాములున్నాయి కదా అని జనార్దన్ అడిగితే, ఆమె కూడా అయోమయంగా తల ఊపింది.

"గదే నాకు సుత సమజైతలేదు. వానపాములున్నకాడ గుడ్డ పోవాలె. ఎందుకు పోలేదో ఇప్పుడే జెప్పలేను."

పక్క పొలం జితేందర్‌కు అంత ఓపిక లేదు. "యూరియా తాగని భూమికి ఆకలెక్కడికెల్లి పుడుతది, జనార్దన్? పెంట పోసి పోసి అజీర్తి జేసినవు" అని ఫోను తీసి, ముద్ర కనపడేలా గుడ్డను ఫొటో తీసుకున్నాడు.

ఆ సమయంలో రాజనర్సు ఒక ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. నూలు తడిస్తే బరువెక్కుతుంది, ముద్దయి చేతికి అంటుకుంటుంది. ఇది ఒక్కసారి దులిపితే నీళ్లన్నీ విడిచి నున్నగా నిలబడింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి రాసి చూశాడు. వేళ్లు ఒక మాట చెప్పాయి. ఆ మాటను అతను నోటిదాకా రానివ్వలేదు.

చెప్తే ఏమవుతుందో గట్టు మీదే లెక్క వేశాడు. సగం ఊరు ఇక్కడే ఉంది. టీచరమ్మ ఉంది. ఫొటో జితేందర్ ఫోనులో ఉంది. ఫొటోలో ముద్ర ఉంది. ఇంత మందిలో నిజానికి ధర చాలా ఎక్కువ. నాలుగు రోజులు ఆగితే ధర దిగుతుంది, అప్పుడు మెల్లగా జనార్దన్ ఒక్కడికే చెప్పొచ్చు అనుకున్నాడు. నిజం ధర పెరగడమే గాని, దిగడం ఇంతవరకూ ఏ బజారులోనూ ఎవరూ చూడలేదు. ఆ సంగతి అతనికి ఆ పూట తట్టలేదు.

నాటుకోడి కూర ఆ రోజు ఎవరికీ రుచించలేదు. జనార్దన్ పళ్లెంలో అన్నం కలిపి, కలిపినట్టే వదిలేశాడు. "ఇగ ఎందుకు బావ. అందరి లెక్క నేను సుత బస్తాలు తెచ్చి పోస్త" అన్నాడు. అత్త లస్మవ్వ మాత్రం భూమిని తప్పుపట్టలేదు. మన్ను గుడ్డను ముట్టలేదంటే ఎవరో ఏదో చేసి ఉంటారని, ఇంట్లో కూర్చున్న ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ వడ్డించింది. రాజనర్సు ముఖం దగ్గర ఆమె గరిటె కొంచెం ఎక్కువసేపు ఆగినట్టు అతనికి అనిపించింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం అతను కాదు. అయినా చేయి భుజం దాకా పోయింది. అక్కడ తువ్వాల ఉంది. దాన్ని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

మర్నాడు దుకాణం తీసేసరికి ముందర పదిమంది రైతులు నిలబడి ఉన్నారు. జితేందర్ ఫొటో రాత్రికి రాత్రే రైతుల గ్రూపులన్నీ తిరిగింది. సారంగాపూర్‌లో భూమి చచ్చిపోయిందట, మీ భూమి కూడా చూసుకోండని దాని కింద రాసి ఉంది. ఎలా చూసుకోవాలో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఫొటోలోనే ముద్ర ఉంది. దుకాణం పేరు ఉంది. ఊరు ఉంది.

"గా ముద్రున్న గుడ్డనే గావాలె. వేరేది వద్దు" అన్నాడు మొదటి రైతు.

ఇన్నేళ్లలో రాజనర్సు వేయించిన ఏ ప్రకటనా ఇంత పని చేయలేదు. తువ్వాలలు అయిపోయాయన్నాడు. అతని భార్య నీల వెనక అలమారలోంచి కొత్త మూట దించి గల్లా మీద పెట్టింది. భర్తకు మతిమరుపు వచ్చిందనుకుని, వచ్చినవాళ్లకు క్షమాపణ కూడా చెప్పింది. అతను ధర పెంచి చూశాడు. పరీక్ష గుడ్డ కదా, ఆ మాత్రం ఉంటుందిలే అని ఇంకా నమ్మకంగా కొన్నారు. పాతిపెట్టడానికి ఇంట్లో పాత గుడ్డ ఏదైనా చాలు కదా అని సలహా ఇచ్చాడు. సరుకు అమ్ముకోకుండా మన మేలు కోరుతున్నాడు చూడమని ఒకాయన పక్కవాడితో మెచ్చుకుని, రెండు తువ్వాలలు తీసుకున్నాడు. దుబాయ్‌లో పనిచేసే ఒకతను వీడియో కాల్ చేసి, తమ్ముడు కొంటున్న తువ్వాల మీద ముద్ర సరిగ్గా ఉందో లేదో దగ్గరికి పట్టి చూపించమన్నాడు.

సిరిసిల్లకు ఫోన్ చేసి నీల ఇంకో మూట చెప్పింది. తర్వాత ఇంకో మూట. బోణీ బేరం కోసం దేవుడికి అగరొత్తి వెలిగించే రాజనర్సు, ఆ వారమంతా గిరాకీ రావద్దని వెలిగించాడు. అమ్ముడైన ప్రతి తువ్వాలా ఏదో ఒక పొలంలో పడుకుని తన మీద సాక్ష్యం చెప్పడానికి ఎదురుచూస్తోందని అతనికి తెలుసు. వ్యాపారం బాగా సాగుతుంటే గల్లా లెక్క చూడబుద్ధి కాకపోవడం అతనికి అదే మొదలు.

దీనికి తోడు ఎదురుగా ఎరువుల దుకాణం రాజ్‌కుమార్ చాయ్ పట్టుకుని వచ్చాడు. భూమికి జీవం పోసే మందని ఒక కొత్త డబ్బా తెప్పించి, గుమ్మంలో గుట్టగా పేర్చాడు. "అన్నా, నువ్వు తువ్వాల ఇత్తున్నవు, నేను మందిత్తున్న. మనిద్దరం కలిసి భూమిని బతికిత్తున్నం" అని గ్లాసు చేతికిచ్చాడు. రాజనర్సు ఆ గ్లాసును తాగకుండానే గల్లా మీద పెట్టేశాడు. ఇంతవరకూ తన తప్పులో తానొక్కడే ఉన్నాడు. ఇప్పుడు అడగకుండానే ఒక భాగస్తుడు కూడా దొరికాడు.

రైతులకు రెండు నెలలు ఆగే ఓపిక ఎక్కడుంటుంది? పాతిపెట్టిన వారానికే తవ్వి చూసేవాళ్లు. చూసి, మళ్లీ పూడ్చి, దుకాణం ముందు నుంచి పోతూ బండి ఆపి, "ముట్టలేదే రాజనర్సన్నా" అని చావు కబురు చెప్పినట్టు చెప్పిపోయేవాళ్లు. అతను తల ఊపి ఓదార్చేవాడు.

ఆఖరికి దుకాణం నీలకు అప్పగించి సిరిసిల్ల బస్సెక్కాడు. వేములవాడ దాటేదాకా ఏం అడగాలో కూర్చుకుంటూనే ఉన్నాడు. తువ్వాలలు నేసిచ్చే రాజేశ్ అతని చిన్నాయన కొడుకే. షెడ్డులో సాంచాలు, ఆ కరెంటు మగ్గాలు, టకటకలాడుతుంటే చెవిలో నోరు పెట్టి అడగాల్సి వచ్చింది. రాజేశ్ వినపడలేదన్నట్టు చూసి, దగ్గరున్న సాంచాను ఆపేశాడు.

"నాకిచ్చే తువ్వాలల నూలెంత, రాజేశ్?"

"నూలేడుందన్నా? అంత పాలిస్టరే."

"ఎప్పటిసంది?"

"నువ్వు రేటు తగ్గియ్యి తగ్గియ్యి అంటివి. రేటుతోని పాటు నూలు సుత తగ్గుకుంట అచ్చింది. నిరుడు మొత్తమే అయిపాయె."

"మరి నాకు జెప్పద్దా?"

"నువ్వడిగితివా?"

రాజనర్సు అడగలేదు. రేటు తగ్గినప్పుడల్లా ఎలా తగ్గిందని అడగకుండా సంతోషంగా మూట కట్టించుకున్నాడు. అడగనివాడికి తెలియదు, తెలియనివాడు అబద్ధం చెప్పినట్టు కాదు అని లోపల ఎక్కడో ఒక లెక్క నడుస్తూ వచ్చింది. ఆ లెక్క ఇన్నాళ్లూ బాగానే కుదిరింది. భూమి వచ్చి అడిగేసరికి తేలిపోయింది.

"ఇగ మీద పక్కా నూలు నేసియ్యి. రేటు అడగ" అన్నాడు.

రాజేశ్ అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "పానం మంచిగనే ఉన్నదానే అన్నా?" అని అడిగి, సాంచా మళ్లీ నడిపించాడు.

అసలు నూలు తువ్వాలల మూటతో కోరుట్ల చేరేసరికి ఇంకో కబురు కాచుకుని ఉంది. ఫోనులో దీప చెప్పింది. ఒక్క పొలం చూసి తీర్పు చెప్పకూడదని మేడం అన్నదట. ఆ ఆదివారమే మామ ఇంటి వెనక పెంటకుప్పలో కూడా ముక్కలు పూడ్చారట. పెంటకుప్ప వేడికి నెల తిరిగేసరికి ఏదీ మిగలదు. అక్కడ కూడా గుడ్డ మిగిలితే లోపం మట్టిలో లేదు, ఇంకెక్కడో ఉందని అర్థమట. ఆ ఇంకెక్కడో ఎక్కడో తేల్చుకోవడానికి రాజనర్సుకు సైన్సు చదవాల్సిన పని లేదు.

అప్పుడతను తన బతుకులో ఎన్నడూ పడనంత కష్టం పడ్డాడు. కొత్త నూలు తువ్వాల ముక్క ఒకటి కత్తిరించి, ముద్ర కొట్టి, పుల్ల మజ్జిగలో నానేశాడు. బాత్రూం కడిగే యాసిడ్ చుక్కలు వేసి చిల్లులు పడగొట్టాడు. అంచులు గోటితో చీల్చి, పేడలో దొర్లించాడు. చూస్తే భూమి ఆకలి మీద తిన్నట్టే ఉంది. నకిలీ సాక్ష్యమే అయినా, అందులో వాడిన నూలు మాత్రం అసలుది. దుకాణం పేరుకు ఆ మాత్రం గౌరవం దక్కించానని కొంచెం తృప్తి కూడా కలిగింది.

నెల తిరగబోయే ముందు ఒక శనివారం మధ్యాహ్నం ఎంచుకున్నాడు. ఆ వేళకు జనార్దన్ తిని నడుం వాలుస్తాడు. దీప స్కూల్లో ఉంటుంది. కారు ఊరి బయట ఆపి, ముక్కను చొక్కాలో పెట్టుకుని, దొడ్డిదారిన పెంటకుప్ప చేరాడు. గుర్తుకు నాటిన పుల్ల ఉంది. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, చేతులతోనే తవ్వడం మొదలుపెట్టాడు. కుప్ప లోపల పొయ్యిలా వేడిగా ఉంది. మోచేతి దాకా పోయింది, గుడ్డ తగలలేదు. భుజం దాకా పోయింది, తగలలేదు. ఇంకో పక్క నుంచి తవ్వుదామని లేచేసరికి, పేడ గంప నెత్తిన పెట్టుకుని లస్మవ్వ ఎదురుగా నిలబడి ఉంది.

"అల్లుడా" అంది.

"ఊకెనే అచ్చిన, అత్తా."

"ఊకెనే అచ్చినోడు ఇంట్లకత్తడు. పెంటల ఏం పని?"

జవాబు వెతుక్కుంటుంటే చొక్కాలోంచి చిల్లుల గుడ్డ జారి కింద పడింది. లస్మవ్వ గంప దించింది. గుడ్డను చూసింది, అల్లుడి చేతులను చూసింది, కుప్పలో గుంతను చూసింది. ఆదివారం నుంచి ఆమె మనసులో తిరుగుతున్న అనుమానానికి ఇప్పుడు మనిషి దొరికాడు.

"నీలకు భూమిల పాలు గావాల్నంటె నోరు తెరిచి అడిగితె ఇయ్యకపోదుమా? మన్ను మీద మంత్రం బెట్టుడెందుకు, అల్లుడా?" అంది. గొంతు పెంచలేదు. దానికే అతనికి ఎక్కువ భయం వేసింది. తర్వాత ఇంటి వైపు తిరిగి కొడుకును పిలిచినప్పుడు మాత్రం పెంచింది.

జనార్దన్ పార పట్టుకుని వచ్చాడు. అతని వెనకే, బోరు దగ్గర్నుంచి బకెట్టుతో దీప, చేతిలో థర్మామీటరుతో ఉమారాణి మేడం వచ్చారు. ఆ శనివారం స్కూలు ఒంటిపూటేనని ఎవరూ రాజనర్సుకు చెప్పలేదు. గోడ అవతల నుంచి రెండు తలలు కూడా అప్పుడే లేచాయి. అందులో ఒకటి జితేందర్‌ది.

రాజనర్సు భుజం దాకా పేడతో నిలబడి, తన జీవితంలో అన్నిటికంటే వేగంగా లెక్క వేశాడు. ముందర రెండు నష్టాలున్నాయి. ఒకటి మంత్రాలోడు అన్న పేరు. ఆ పేరు పడినవాడికి ఈ చుట్టుపక్కల బోణీ కాదు కదా, బతుకే ఉండదు. అత్తగారి కళ్లల్లోనే అది కనపడుతోంది. రెండోది కల్తీ బేరగాడు అన్న పేరు. దానితో తాత బోర్డు పోతుంది. ఇన్నాళ్లూ దాచుకున్నది అదొక్కటే. చవకైన నష్టం ఏదో తేలిపోయింది.

"గుడ్డ నూలు గాదు" అన్నాడు.

జనార్దన్ పార కింద పెట్టాడు. "మల్ల జెప్పు, బావ."

"నూలు గాదు. అంత పాలిస్టరే. భూమి దాన్ని తినది. నీ భూమిల ఏం దోషం లేదు."

జనార్దన్ కుప్ప అంచున కూలబడి, గుప్పెడు ఎరువు చేతిలోకి తీసుకున్నాడు. కొడతాడేమోనని రాజనర్సు ఒక అడుగు వెనక్కి వేశాడు. అతను కొట్టలేదు. ఎరువును పిండి, వాసన చూసి, మెల్లగా వదిలేశాడు.

"గా దినం సంది సరిగ్గ బువ్వ తినలే, బావ. యూరియా బస్తాలకు సుత జెప్పచ్చిన. ఒక్క మాట జెప్తె ఏం బోతుండె?"

"పేరు బోతుండె."

"మరి నా పేరో?"

రాజనర్సు వేసిన ఇన్ని లెక్కల్లో బామ్మర్ది పేరు ఒక్కసారి కూడా రాలేదు.

అప్పుడు దీప బకెట్టులోంచి రెండు తడి వస్తువులు తీసింది. ఒకటి తండ్రి ఇచ్చిన ముక్క, అంచులతో, ముద్రతో పదిలంగా ఉంది. రెండోది వస్తువనడానికి కూడా లేదు. నాలుగు పోగులు, ఒక కుట్టు.

"గిది అమ్మమ్మ పాత నూలు చీర ముక్క. నీ గుడ్డ పక్కపొంటి పెట్టిన. ఒక్కదాన్ని జూసి ఏం జెప్పద్దు, పక్కకు ఇంకోటి పెట్టి సూడాలె అని మేడం అన్నది. ఇందాకనే తీసినం. నీకే ఫోన్ జేద్దామని చేతులు కడుక్కుంటున్న, బాపు."

రాజనర్సు చేతుల్లోని పేడ వంక చూసుకున్నాడు. అంతసేపూ తవ్వింది ఖాళీ కుప్పను. ఒక తువ్వాల కొనడానికి ముసలమ్మ వచ్చినా, పక్కన ఇంకోటి పెట్టి నలిపి చూడనిదే కొనదు. గల్లా వెనక కూర్చుని రోజూ చూసే ఆ పనిని, తన సరుకు మీద తానే చేయలేదు. తను చెప్పకపోయినా ఇంకాసేపట్లో వాళ్లే చెప్పేవాళ్లు. బయటపడకముందే తానే చెప్పానన్న ఆ కాస్త తేడా ఒక్కటే ఈ బేరంలో మిగిలింది. దాన్నే లాభం కింద వేసుకున్నాడు.

లస్మవ్వ మాత్రం ఇంకా పూర్తిగా నమ్మలేదు. చిల్లుల గుడ్డను కర్రతో లేపి పొయ్యిలో వేసి, అల్లుణ్ని బోరు కింద కూర్చోబెట్టి, తల మీద రెండు బకెట్లు కుమ్మరించిన తర్వాతే ఇంట్లోకి రానిచ్చింది.

తిరుగు దారిలో, జగిత్యాల వచ్చేదాకా ఆగి, రాజనర్సు కూతుర్ని అడిగాడు. ప్రాజెక్టు ఫొటోల్లో ముద్ర కనపడకుండా గుడ్డను ఇంకో వైపు తిప్పి పెట్టొచ్చు కదా అని. దీప కిటికీలోంచి బయటికి చూస్తూ ఒక్క మాట అంది.

"ముద్ర నువ్వే గొట్టినవు, బాపు."

రాజనర్సు ఇంటికొచ్చి, పాత తువ్వాలలన్నీ లోపలికి నెట్టి, కొత్త నూలు తువ్వాలలను ముందర పేర్చాడు. మర్నాడు వచ్చే జనానికి ఏం చెప్పాలో, చేతులు ఎలా జోడించాలో అద్దం ముందు చూసుకున్నాడు. తాత ఫొటోకు దండం పెట్టాడు గాని ముఖం చూడలేదు.

మొదట వచ్చింది జితేందరే. భుజాన, తన పొలంలో పాతి తీసిన మట్టి మరకల తువ్వాల ఉంది. రాజనర్సు లేచి నిలబడి, తప్పయిందని, సరుకు వాపసు తీసుకుంటానని మొదలుపెట్టాడు. జితేందర్ చెయ్యి అడ్డం పెట్టాడు. పాలిస్టర్ సంగతి జనార్దన్ ఊరంతా తిరిగి చెప్పాడని, తెలియనివాడు ఎవరూ లేరని అన్నాడు.

"మరి వాపసియ్యనీకె రాలేదా?"

"వాపసెందుకన్నా? నీళ్లల్ల నానె, ఎరువుల ఉడికె, నాగలికి సిక్కె. గుంజితె పోగు తెగకపాయె. మా ఇంట్ల పెండ్లున్నది, పెట్టుపోతలకు గివ్వే గావాలె. ముద్రతోనే ఇయ్యి."

అది పరాచికమని రాజనర్సు అనుకున్నాడు. సాయంత్రానికి అలాంటివాళ్లు పదిమంది వచ్చారు. భూమి తినని తువ్వాల కావాలని అడిగారు. దుబాయ్ అతను ఈసారి తనకే పంపమన్నాడు. రాజనర్సు ఒక్కొక్కరికీ నిజం చెప్పాడు. ఇది నూలు కాదు, చెమట పీల్చదు, మన్నులో కలవదు, మన మనవల కాలానికీ పొలంలో అలాగే ఉంటుంది అన్నాడు. అదే కదా కావాల్సింది అన్నారు. అసలు నూలు తువ్వాల తీసి చేతిలో పెడితే, మెత్తగా ఉందని మెచ్చుకుని, భూమిలో వేస్తే ఇది పోతుందా అని అడిగేవాళ్లు. పోతుందనేవాడు. పోయేదాన్ని ఎందుకు కొంటామని తిరిగి ఇచ్చేసేవాళ్లు.

బోర్డు మీది "అసలు నూలు" అన్న మాటను రాజనర్సు తన చేతులతోనే చెరిపేశాడు. రంగు పూసిన చోటు తెల్లగా మిగిలింది. గిరాకీ ఏమీ తగ్గలేదు. ఎదురు దుకాణంలో రాజ్‌కుమార్ డబ్బాలు మాత్రం గుమ్మంలోంచి లోపలికి, లోపలి నుంచి వెనక గదిలోకి జరిగాయి. జనార్దన్ యూరియా బస్తాలు వద్దని చెప్పొచ్చి, ఆ పంటకు కడుపునిండా తిన్నాడు. దీప ప్రాజెక్టు జిల్లాలో మొదటిదిగా నిలిచింది. నూలు పేరుతో మట్టిలోకి పోతున్న ప్లాస్టిక్ గురించి ఆమె రాసింది. పక్కన నిలువెత్తు ఫొటోలో కోరుట్ల దుకాణం ముద్ర దూరం నుంచి కూడా చదవొచ్చు. రాజనర్సు సైన్స్ ఫెయిర్‌కు వెళ్లి, ఆ ఫొటోకు కాస్త పక్కగా నిలబడి బిడ్డకు చప్పట్లు కొట్టాడు.

వానాకాలం వచ్చాక ఒకరోజు అమ్ముడుపోని నూలు తువ్వాలల మూటను ఎండలో వేద్దామని అలమారలోంచి దించాడు. తాడు విప్పగానే మూట చేతిలో పొడిపొడిగా రాలింది. అది అసలు నూలేనని కోరుట్లలో గుర్తుపట్టినవి చెదలు మాత్రమే.